సుబ్బమ్మక్క బోణీ

విడవలూరు బస్టాండులో తెల్లవారుతూనే నిమ్మసోడా బేరమాడాను. అంగళ్ల మధ్య పెరిగినవాణ్ణి, మొదటి బేరానికి ధర తగ్గుతుందని నా లెక్క. సోడా అంగడి మస్తాన్ నా వైపు చూడనేలేదు.

"ఉండన్నా, బోణీ సుబ్బమ్మక్క చెయ్యాల."

మా బజారులో బోణీకి ఒంటినిండా నగలున్నవాళ్ల చేతికోసం చూస్తారు. ఇక్కడ బస్‌షెల్టర్లో పడుకునే ఒకామె చాప చుట్టిపెట్టి, కుంటుకుంటూ వచ్చి, రూపాయిచ్చి చాక్లెట్ కొంది. షుగరు పడిపోయి కళ్లు తిరిగితే నోట్లో వేసుకోడానికట. మస్తాన్ ఫ్రిజ్‌లో సోడాల పక్కన దాచిన ఆమె ఇన్సులిన్ తీసిచ్చాడు.

"అక్క ఆస్పత్రిలో ఉన్నన్నాళ్లూ యాపారమే లేదన్నా!"

"ఇల్లు పోయినాక చచ్చిపోదామనుకున్యా," అందామె. "ఇప్పుడు నాకోసం అంగడి కాసుకోనుంటాదని లేస్తా."

ఆమెకిద్దామని నేను వంద నోటు తీశాను. ఆమె నవ్వింది.

"వద్దు సామీ. బోణీ చేసే చెయ్యిది. ఇదే చెయ్యి చాపితే అంగడికి అచ్చొస్తాదా?" అని మస్తాన్ వైపు తిరిగింది. "ఈయనకి మాత్రం తగ్గించబాక. నా బోణీ చెడిపోతాది."

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అడిగినంతా ఇచ్చాను. ఆమె బోణీ తర్వాతి బేరం నాదని ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాను.