కట్టు కింద రేకు

షుగరు రోగం నాది. కాలి బొటనవేలి కింద పుండు పడితే రాజమండ్రి డాక్టరు గారు, "ఇది మానకపోతే వేలు తీసెయ్యాలండి" అన్నారు. వేలు లేకపోతే బురదలో కాలు ఎలా ఆనుతుంది? గట్టు మీద కూచుని పని చెప్పే మనిషిని కాను నేను.

మొదట కండ పెంచే మందు పుండులో వేస్తూ వచ్చారు. గ్రోత్ ఫ్యాక్టరు అంటారట. వేసింది వేసినట్టే రసితో కొట్టుకుపోయేది. అప్పుడాయన పల్చటి రేకు ఒకటి తెచ్చి, దానికి ఆ మందే పట్టించి, పుండు మీద పరిచారు. చూస్తే పూతరేకు ముక్కలా ఉంది.

"ఈ రేకెందుకండి? మందే ఇంకాస్త పొయ్యకూడదా?" అన్నాను.

"మీరు యూరియా నిండు నీళ్ళలో చల్లుతారా?"

నవ్వొచ్చింది. అలా చల్లితే ఎరువంతా మురుగుకాలవకే. వేపపిండి, తడిమట్టి కలిపి ఒక రాత్రి ఉంచి చల్లుతాం. మెల్లగా దిగుతుంది, పైరు అందుకుంటుంది.

"అయితే ఈ రేకు మా మట్టన్నమాట."

"అంతేనండి. మందుని పట్టుకుని కొంచెం కొంచెం వదుల్తుంది. నేను చెప్పేదాకా కట్టు మాత్రం విప్పకండి."

ఆ ఒక్కటే కష్టమైంది. మా ఆవిడ రోజూ పసుపు వేసిన వేణ్ణీళ్ళతో తయారు. "కడక్కపోతే పురుగులు పడతాయండి!" చూడ్డానికొచ్చిన మా అక్క ఆవిడకి వంత. "ఒక్కసారి విప్పి చూసి మళ్ళీ కట్టేద్దాంరా" అంటూ ముడి మీద చెయ్యి కూడా వేసింది.

కట్టు మీద నర్సమ్మ పెన్నుతో రాసింది చూపించాను. యాభై దాటాక రాత్రిబడిలో నేర్చిన చదువు నాది. కూడబలుక్కుని గట్టిగా చదివాను: "విప్పరాదు."

"అబ్బో, చదువరి బయల్దేరాడు!" అంది అక్క.

"ఎరువేసిన మడికి ఎవరైనా గండి కొడతారా?" అన్నాను.

చెయ్యి తీసింది. మా ఆవిడ విసురుగా వెళ్ళి ఆ వేణ్ణీళ్ళతో తన కాళ్ళే కడుక్కుంది.

డాక్టరు గారు కట్టు విప్పిన రోజు వంగి చూశాను. రేకు లేదు.

"ఏదండి రేకు?"

"కరిగిపోయిందండి. దాని కింద చూడండి."

ఎర్రగా కొత్త కండ. అంచులు దగ్గరికొచ్చాయి. మళ్ళీ రేకు పెట్టారు. పుండు పూడింది, వేలు నిలిచింది. రెండో పంట దాళ్వా ఊడ్పులకి ఆయన చెప్పినట్టే రబ్బరు బూట్లేసుకుని చేలో దిగాను.

కట్లన్నీ అయిపోయాక మా ఆవిడ పసుపు రాసింది లెండి. పుండు తన పసుపుకే మానిందని ఊరంతా చెబుతుంది. చెప్పుకోనీ. బురదలో ఆనే వేలు నాకు మిగిలింది.