బండ ఊపిరి

మా అమ్మాయి వంటింటి బండ మీద నిమ్మరసం చుక్క వేసి, చెంప నేలకానించి చూస్తోంది. తుడవబోయి ఆగాను.

నా చిన్నప్పుడు మా నాయన బేతంచెర్లలో బండలకు పాలిష్ పట్టేవాడు. మా వంటింటి బండలు తనే పరిచి, ముఖం కనబడేలా మెరిపించాడు. ఊరగాయ పెట్టిన రోజు అక్కడ నిమ్మరసం ఒలికి సన్నటి బుడగలొచ్చాయి. బండ ఊపిరి తీస్తోందనుకుని, అది ఆగిపోకూడదని ఇంకో రెండు కాయలు పిండాను. తుడిచేసరికి అరచేతంత తెల్లమచ్చ తేలింది.

"యాడ నేర్చినావే ఈ పని? రానీ మీ నాయన్ని," అంది అమ్మ.

నాయన వచ్చి మచ్చను వేలితో తడిమాడు.

"బండ ఊపిరి తీస్తాండాది నాయనా," అన్నాను.

"పులుపు రాయిని తింటాండాది అమ్మీ. మెరుపు పోగొట్టింది నువ్వు, తెచ్చేది గూడా నువ్వే," అంటూ పాలిష్ పట్టే రాయి ముక్క నా చేతిలో పెట్టాడు.

రోజూ బడి నుంచి రాగానే నీళ్లు చల్లి రుద్దాను. వేళ్లు బొబ్బలెక్కినా మానలేదు. పదో రోజుకు బండలో నా ముఖం కనబడింది.

ఆ బుడగల్లోది మనం ఊపిరితో వదిలే గాలేనని పై తరగతిలో సారు చెప్పారు. ఇంటికి పరుగెత్తి నాయనకు చెప్పాను.

"అట్లయితే నువ్వు చెప్పింది గూడా నిజమే గదా," అన్నాడు.

ఇప్పుడు తుడుపు గుడ్డ పక్కన పెట్టి, మా అమ్మాయి చేతికివ్వడానికి నాయన పాలిష్ రాయి ముక్క కోసం వెతకడం మొదలుపెట్టాను.