అమ్మకు అందని బేసిన్

అమ్మ ముప్పై ఏళ్లు నెత్తిన చేపల గంప మోసింది. ఆ నడుము నిరుడు మొరాయించింది. డాక్టరు నన్ను పక్కకు పిలిచి, ఇక ఈవిడ వంగకూడదని, వంగితే మంచానికే పరిమితమవుతుందని చెప్పాడు. అమ్మ వంగేదెక్కడ? రోజూ పొద్దున్నే పెరట్లో నీళ్ల డ్రమ్ము దగ్గర. మా ద్వీపంలోని గరాచర్మలో ఇల్లు కట్టుకుని నాలుగేళ్లయినా అందరం ఆ డ్రమ్ము దగ్గరే మొహాలు కడుక్కునేవాళ్లం. అందుకే బాత్రూంలో బేసిన్ పెట్టించి తీరాలని పట్టుబట్టాను.

కొట్లో రెండు రకాలున్నాయి. ఒకటి గోడకు బిగించేది, ఇంకోటి గట్టు మీద పెద్ద గిన్నెలా కూర్చునేది. నా కన్ను రెండో దాని మీదే పడింది. తెల్లగా, లోతుగా, ముద్దొచ్చేలా ఉంది. ఇదే ఆఖరిది, మళ్లీ చెన్నై ఓడ వచ్చాకే అన్నాడు కొట్టాయన. ద్వీపంలో పుట్టినవాళ్లు ఆ మాట విన్నాక ఇంకేం ఆలోచిస్తారు? వెంటనే ఆటోలో ఎక్కించేశాను.

గట్టు ఎంత ఎత్తుండాలని తాపీమేస్త్రీ అడిగాడు. అమ్మను గోడ పక్కన నిలబెట్టి, వంగకుండా నీళ్లు దోసిట పట్టినట్టు చేతులు పెట్టమని, ఆ చేతులున్న చోట పెన్సిలుతో గీత గీశాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. మేస్త్రీ సరిగ్గా ఆ గీతకే గట్టు కట్టి, పైన నల్ల గ్రానైట్ పలక పరిచాడు. దాని మీద బేసిన్ కూర్చుంది. అంటే నా గీతకు జానెడు పైకి. ఆ జానెడు సంగతి నా బుర్రకూ తట్టలేదు, ఆయన బుర్రకూ తట్టలేదు.

ఎలా ఉందని అడిగితే అమ్మ బాగుందంది. జాకెట్టు చేతులు ఎందుకు తడిశాయంటే నీళ్లు చిందాయంది. నేను నమ్మాను. అయిదో రోజు పొద్దున పెరట్లో చప్పుడైతే వెళ్లి చూశాను. అమ్మ డ్రమ్ము మీదకు వంగి, ఒక చేత్తో నడుము పట్టుకుని, ఇంకో చేత్తో మొహం కడుక్కుంటోంది.

నాకు ఒళ్లు మండిపోయింది. అదంతా ఎవరి కోసం పెట్టించానని అరిచాను. మంచాన పడితే ఎవరు చూస్తారని కూడా అనేశాను. అనకూడని మాట, నోరు జారింది. అమ్మ మెల్లగా నిలబడి కొంగుతో మొహం తుడుచుకుంది. బేసిన్ అందాలంటే మునివేళ్ల మీద నిలబడాలట, నీళ్లేమో మోచేతుల మీదుగా చంకల్లోకి కారిపోతున్నాయట. ఆ ముక్క నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఏటే అలా అరుత్తావు? ఓడలో వచ్చిన సామానుకి మనమే సర్దుకోవాల గానీ, సామాను మనకి సర్దుకుద్దేటి?"

ఆవిడ బతుకంతా అంతే మరి. ఓడలో పెద్ద సైజు చెప్పులే వస్తే పట్టీల కింద గుడ్డ కుక్కి తొడుక్కుంది. కూరగాయలు రాని నెలంతా ఎండుచేపతో సరిపెట్టింది. ఇది నాకు సరిపోలేదు అన్న మాట ఆమె నోట నేనెప్పుడూ వినలేదు. నాకు మాత్రం ఆ బుద్ధి అంటలేదా? ఆఖరిది అనగానే ఎగబడి కొన్నది నేనే కదా.

మేస్త్రీని పిలిపించాను. దీదీ పెట్టిన నిశాన్‌కే, ఆ పెన్సిలు గీతకే కట్టానని ఆయన మొహం ముడుచుకున్నాడు. ఆ మాట నిజమే, తప్పు నాదేనని ఒప్పుకున్నాను. ఈసారి బేసిన్ అంచు దగ్గర అమ్మ చేతులుండేలా కొలిచాం. కొత్త గట్టు పాడుచెయ్యొద్దని అమ్మ బతిమాలింది. నేను వినలేదు. రెండు రోజులు ఇల్లంతా దుమ్ము. గ్రానైట్ పలక విరగకుండా ఊడివచ్చింది, గట్టు జానెడు దిగింది.

ఆ మర్నాడు మేస్త్రీ కుళాయి బిగించగానే అమ్మ నిటారుగా నిలబడి మొహం కడుక్కుంది. మోచేతులు పొడిగానే ఉన్నాయి. చెయ్యి నడుము మీదకు పోలేదు. నేను గుమ్మంలో నిలబడి కళ్లారా చూసుకున్నాను, ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. తర్వాత ఆమె తలెత్తి, బేసిన్ పైన గోడకు నా ఎత్తున బిగించిన అద్దంలోకి చూసింది. నుదురొక్కటే కనిపించి ఉంటుంది. ఇంక దీనికీ సర్దుకుంటుంది కాబోలు అనుకున్నాను. మేస్త్రీ అప్పటికే పనిముట్లు సంచిలో వేసుకుంటున్నాడు.

"ఆ భయ్యాని ఆగమను," అంది అమ్మ. "అద్దం కూడా కొంచెం నీచేకి దించాల. నా మొగం నాకు అగుపడాల గదా."