బాబాయి కబురు

ఆత్రేయపురం దారిలో మామిడి తాండ్ర ఎండబెట్టిన చాపల వాసన కారులోకి వస్తే అందరికీ నోరూరుతుంది, నేను మాత్రం అద్దం పైకెత్తేస్తాను.

మా బాబాయి వాయుసేనలో పైలట్. సెలవుల్లో ద్రాక్షారామం దగ్గరి మా ఊరికి వచ్చాడంటే పిల్లలమంతా అతని వెనకే. గడ్డిమేటు ఎక్కించి, చేతులు రెక్కల్లా చాపమని, ఇంజను చప్పుడు తానే నోటితో చేసేవాడు.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు బంగ్లాదేశ్ యుద్ధం వచ్చింది. డిసెంబరులో ఆ రెండు వారాలూ, పొద్దుగూకేసరికి కిటికీలకు నల్లకాగితాలు అంటించి, లాంతరు వత్తి తగ్గించి, తాతయ్య రేడియో చుట్టూ కూర్చునేవాళ్ళం. కొత్తబియ్యం పులగం కంచాల్లోనే చల్లారిపోయేది. ఒకరోజు టెలిగ్రాం వచ్చింది. బాబాయి విమానం తిరిగి రాలేదు, జాడ తెలియలేదు అన్నారే గాని పోయాడనలేదు. ఇరవై దాటీదాటని మా పిన్ని, అంటే బాబాయి భార్య, ఆ మాటనే పట్టుకుంది.

ఆ ఎండాకాలం పెరట్లో మామ్మా పిన్నీ చాపల మీద మామిడిరసం పొరలు పొరలుగా పూస్తుంటే, నేను ఈగలు తోలుతూ కూర్చున్నప్పుడు, నీలం చొక్కా తొడుక్కున్న ఒకాయన వీధి గుమ్మంలో నిలబడ్డారు. తాతయ్య ఆయన్ని లోపలికి పిలవకుండా పశువులపాక వైపు తీసుకెళ్ళి, కాసేపు మాట్లాడి, అటునుంచి అటే పంపేశారు. భోజనాలవేళ వచ్చిన మనిషిని అలా పంపడం మా ఇంట్లో అంతకుముందు నేనెరగను.

"ఎవరండీ?" అంది మామ్మ, చేతులకు రసం కారుతుండగానే.

"అబ్బాయి స్నేహితుడు. ఇంకా వెతుకుతున్నారంట. వస్తాడు."

తరువాత ప్రభుత్వంవారు చనిపోయినట్టే భావిస్తున్నామని రాసినా తాతయ్య ఒప్పుకోలేదు. ఆయన ఒప్పుకోలేదు కాబట్టి ఊరూ నోరెత్తలేదు. పిన్ని బొట్టూ గాజులూ అలాగే ఉన్నాయి.

తాతయ్యా మామ్మా, మా నాన్నా పోయి చాలాకాలమైంది. పోయినేడు, రిటైరైన వాయుసేనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఎవరిచేతో బాబాయి ఫోటో పెట్టించాను. కాకినాడ నుంచి ఫోనొచ్చింది. వెళ్ళాను. తలుపు తీసిన పెద్దాయన సూర్యారావుగారు. ఆనాటి నీలం చొక్కా మనిషి ఆయనే.

"రెండు విమానాల్లో కలిసే వెళ్ళామండి. మీ బాబాయిది నా కళ్ళముందే మండి, నేల మీద పడింది. పారాచూట్‌తో దూకే వ్యవధే లేదు. శవం దొరకలేదు కాబట్టి కాగితాల్లో జాడ తెలియలేదనే రాశారు. ఆ సంగతి మీ తాతగారికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నా రెండు చేతులూ పట్టుకున్నారు. 'నా కోడలు చిన్నపిల్ల బాబూ. పదోరోజున దాన్ని కూర్చోబెట్టి గాజులు పగలగొట్టడం నేను చూళ్ళేను, ఎవరికీ చెప్పకు' అన్నారు."

ఇంటికి వచ్చాను. పిన్ని వంటింట్లో చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. చెప్పాను. ఆమె ఇంకో కాయ ఈనె తీసింది.

"కాలిపోయాడా?"

"క్షణంలో అయిపోయిందన్నారు పిన్నీ."

"మావయ్యగారికి తెలుసా?"

తలూపాను. చేతిలోని చిక్కుడుకాయ రెండుగా విరిగింది.

"నా మీద ప్రేమతోనే చేశారు, కాదన్ను. కానీ బతికేది నేను కదే. నన్నొక్క మాట అడగాల్సింది."

మర్నాడు కోటిపల్లి రేవుకు తీసుకెళ్ళమంది. ఆడవాళ్ళు తర్పణం వదలరమ్మా అని పురోహితుడు నసిగితే, "ఇంకెవరున్నారండీ ఆయనకి?" అని తానే మోకాలిలోతు నీళ్ళలోకి దిగి, పేరూ గోత్రమూ చెప్పి, నువ్వులూ నీళ్ళూ విడిచింది. బొట్టు మాత్రం తియ్యలేదు. నేనూ అడగలేదు.

మా ఇంటి ముందే బస్సు ఆగుతుంది. బస్సు ఆగిన ప్రతిసారీ, చేతిలో ఏ పని ఉన్నా, పిన్ని తలెత్తి గుమ్మం వైపు చూడటం నా చిన్నతనం నుంచీ చూస్తూనే పెరిగాను. ఇప్పుడు తలెత్తడం లేదు. బస్సు ఆగుతుంది, ఎవరో దిగుతారు, వెళ్ళిపోతారు. నేనే చూస్తున్నాను.