ఎవరి పేరున ఈ నీళ్ళు

నేను వాలంటీర్‌గా వెళ్ళే సంస్థ డైరెక్టర్ గారు పోయారని అక్కడివాళ్ళ గ్రూప్‌లో మెసేజ్ వచ్చింది. చదివాక ఎవరికి ఫోన్ చేసి చెప్పుకోవాలో తోచలేదు. మావాళ్ళెవరికీ ఆవిడ తెలియదు. పక్కనుంచి మా అమ్మాయి అడిగింది: "అమ్మా, ఆ ఆంటీ మనకి ఏమవుతారు? రిలేటివ్ కాదు కదా, మరి ఎందుకు అంత క్రై చేస్తున్నావ్?" ఏ వరస చెప్పాలో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

ఆఫ్రికా మూలాలున్న ఆడవాళ్ళ కోసం ఆవిడ నడిపిన సంస్థ ఎడిసన్‌లో మా ఇంటికి దగ్గరే. హైతీ నుంచి, ఘనా నుంచి వచ్చినవాళ్ళు, తరతరాలుగా ఇక్కడే ఉన్నవాళ్ళు, కాన్పు సాయానికో, పని కోసమో, ఊరికే కాసేపు కూర్చోవడానికో వచ్చేవారు. నాది డిపెండెంట్ వీసా, ఉద్యోగం చేయడానికి లేదు. ఇంట్లో పిచ్చెక్కుతుంటే వాలంటీర్‌గా వెళ్ళాను. "నువ్వెందుకు ఇక్కడికి?" అంటారేమోనని జవాబు తయారుచేసుకున్నాను. ఆవిడ అడిగింది ఒక్కటే, "ఏమన్నా తిన్నావా?" అని. ఈ దేశం వచ్చాక బయటివాళ్ళెవరూ నన్నలా అడగలేదు. ఏడుపొచ్చినంత పనయింది.

మీటింగ్ మొదలయ్యే ముందు ఆవిడ గ్లాసుతో నీళ్ళు తెచ్చి, కిటికీ దగ్గరున్న కుండీలో కొంచెం కొంచెం పోస్తూ, చనిపోయిన తమవాళ్ళ పేర్లు తలచుకునేవారు. తర్వాత గ్లాసు చేతులు మారేది. ఒక్కో పేరుకీ అందరూ "అషే" అనేవారు, మనం తథాస్తు అన్నట్టు. మొదట్లో నాకిది అర్థంకాలేదు. మొక్కకి నీళ్ళు పోయడం అందరి డ్యూటీ కాబోలనుకుని నా వంతుగా రోజూ చెంబెడు పోశాను. వేళ్ళు కుళ్ళి మొక్క చచ్చిపోయింది. ఆవిడ పడీపడీ నవ్వారు. "మా పెద్దవాళ్ళ దాహం తీరిపోయింది. మొక్కకే ఊపిరాడలేదు." కొత్త మొక్క తెచ్చి దాన్ని కూడా నాకే అప్పగించారు. అదేం లెక్కో!

గ్లాసు నా దగ్గరికొస్తే మాత్రం పక్కవాళ్ళకి అందించేసేదాన్ని.

"మాలో ఆడవాళ్ళు నీళ్ళు వదలరు. కొడుకులు వదులుతారు," అన్నాను ఒకసారి.

"కొడుకుల్లేనివాళ్ళకో?" అన్నారు.

నన్ను పెంచిన మా పిన్నికి పిల్లల్లేరు. ఆమె పోయాక తద్దినం పెట్టే దిక్కు లేదు. ఆ సంగతి ఆవిడకెప్పుడూ చెప్పలేదు, మరి ఎలా అడిగారో. నేను గ్లాసు ఆవిడ వైపు చాపేసరికి, "తొందరేం లేదు, నీళ్ళెక్కడికీ పోవు," అని గ్లాసు తీసుకున్నారు.

సంస్థ హాల్లోనే పెట్టిన సంస్మరణ సభకి తెల్ల చుడీదార్ వేసుకుని వెళ్ళాను. అక్కడందరూ ఆవిడకి ఇష్టమని రంగురంగుల బట్టల్లో వచ్చారు. డప్పులు, పాటలు, మధ్యమధ్యలో నవ్వులు. ఏడవాలో చప్పట్లు కొట్టాలో అర్థంకాలేదు. ఇంతలో రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టింది. "మొక్కని చూసుకునేది నువ్వేగా, ముందు నువ్వే పోయాలి. ఆవిడ పేరు చెప్పు."

నేను నీళ్ళు పోయవచ్చో కూడదో ఎవరినడగాలి? గ్లాసు కుండీ మీదికి పట్టుకున్నాను. ఆవిడ పేరు చెప్దామనే నోరు తెరిచాను.

"సుభద్ర," అన్నాను. అది మా పిన్ని పేరు.

ఆమెని ఎన్నడూ చూడనివాళ్ళు, ఆమె ఊరేదో తెలియనివాళ్ళు, హాలంతా ఒక్క గొంతుతో "అషే" అన్నారు. నీళ్ళన్నీ ఒక్కసారే పోసేశానని అప్పుడు చూసుకున్నాను. కుండీ కింద పళ్ళెం నిండి, కిటికీ గట్టు మీదికి పారుతున్నాయి. ఖాళీ గ్లాసు పట్టుకుని అలాగే నిలబడ్డాను. డైరెక్టర్ గారి పేరు ఇంకా నా నోట్లోనే ఉంది.