పంపుషెడ్డు గోడకు ఇటువైపు

కూర్మయ్య తోటలోకి ఎవరొచ్చినా ముందు బొండం, తర్వాతే మాట. ఇది అతను పెట్టిన పద్ధతి కాదు, తండ్రి నాటిది. ఒకసారి పక్క తోట నారాయణరావు గట్టు తగాదా పెట్టుకోడానికి నలుగురిని వెంటేసుకుని వచ్చాడు. కూర్మయ్య తండ్రి ఐదు బొండాలు కొట్టి ఐదుగురి చేతుల్లో పెట్టి, వాళ్ళు తాగి మూతులు తుడుచుకునేదాకా ఆగి, అప్పుడు మొదలుపెట్టాడు తిట్లు. మర్యాద మర్యాదే, తిట్లు తిట్లే. ఉద్దానంలో నాలుగు కొబ్బరి చెట్లున్న ప్రతివాడూ ఇంచుమించు ఇలాగే ఉంటాడు గాని, కూర్మయ్య ఇంట్లో ఈ పట్టింపు మరీ ముదిరిపోయింది. మనిషిని వట్టి చేతులతో కూర్చోబెట్టి మాట్లాడటమంటే అతనికి గుమ్మం బయట నిలబెట్టి మాట్లాడినట్టే లెక్క.

కవిటికి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది ఆ తోట. ముప్పై నాలుగు చెట్లుండేవి. తిత్లీ తుపాను ఒక్క రాత్రిలో ఇరవై చెట్లను పడుకోబెట్టేసింది. వాటి చోట నాటిన మొక్కలు ఇప్పుడిప్పుడే చెట్లనిపించుకుంటున్నాయి. తోట మధ్యలో పంపుషెడ్డు, దాని ముందు సిమెంటు అరుగు. అరుగు కట్టిన రోజునే, సిమెంటు ఆరకముందే, మేకుతో పులి-మేక పటం గీసినవాడు యువరాజు. అతను కూర్మయ్య చెల్లెలు పార్వతి మొగుడు. ఇద్దరూ ఒకరినొకరు బావా అనే పిలుచుకుంటారు. పులులకు మూడు గవ్వలు, మేకలకు పదిహేను చింతపిక్కలు. ముప్పై ఏళ్ళుగా యువరాజువే పులులు. మేకల్ని కాచుకునే ఓర్పు తనకు లేదనేవాడు. నిజానికి పులుల్ని కట్టేస్తే గవ్వ జరిపేసి దబాయించే ఓర్పు మాత్రం అతనికి బోలెడంత ఉండేది.

ఒకప్పుడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆ అరుగు మీద ఎనిమిది మందికి తక్కువ ఉండేవారు కారు. ఆడేది ఇద్దరైతే ఆడించేది ఆరుగురు. ఎండ వాలేదాకా ఎవరికీ లేవబుద్ధి అయ్యేది కాదు. తర్వాత ఒకరు చెన్నై కట్టడం పనులకు పోయారు, ఇంకొకరు హైదరాబాదులో వాచ్‌మన్‌గా కుదిరారు. ముగ్గుర్ని కిడ్నీ జబ్బు తీసుకుపోయింది. మిగిలినవాళ్ళు ఊళ్ళోనే ఉన్నారు, కాని తీరిక దొరికితే ఎవరి ఫోను వాళ్ళు పట్టుకుని ఎవరి మంచం మీద వాళ్ళు పడుకుంటున్నారు. పదిమంది కూర్చుని ఏ పనీ చెయ్యకపోవడం కూడా ఒక పనేనని, అది లేకపోతే మనిషికి ఏదో తగ్గుతుందని వాళ్ళకు చెప్పేదెవరు? చివరికి అరుగు మీద ఇద్దరే మిగిలారు. ఇద్దరికీ అరవై దాటింది.

ఆ ఇద్దరిలో యువరాజుకు కాళ్ళు పొంగడం మొదలైంది.

ఆ ఊళ్ళలో క్రియాటినిన్ ఎంత అని అడగటం, ఇవాళ ఏం కూర అని అడిగినంత మామూలు. రెండున్నర అంటే పర్వాలేదంటారు, ఐదంటే మాట మారుస్తారు. యువరాజుది తొమ్మిది దాటింది. వారానికి మూడుసార్లు ఆటోలో పలాస పోయి డయాలసిస్ చేయించుకోవాలి. రోజుకు అర లీటరుకు మించి నీళ్ళు తాగకూడదు. పార్వతి రోజూ పొద్దున్నే కూల్‌డ్రింకు సీసాలో కొలిచి పోసేది. మాత్రలకూ అవే, దాహానికీ అవే. పళ్ళు వద్దన్నారు, ఆకుకూరలు వద్దన్నారు. కొబ్బరి నీళ్ళు తాగితే గుండె ఆగిపోతుందని పలాస నర్సు రెండుసార్లు చెప్పింది. మిగతావన్నీ పార్వతి మామూలుగానే చెప్పింది గాని, ఈ మాట చెప్పేటప్పుడు మాత్రం అన్న మొహంలోకి చూడలేకపోయింది.

డయాలసిస్ మొదలయ్యాక యువరాజు తోటకు వచ్చిన మొదటి రోజు జరిగింది కూర్మయ్య చచ్చేదాకా మర్చిపోడు. అరకిలోమీటరు దూరాన్ని నాలుగు చోట్ల ఆగి నడిచి వచ్చాడు యువరాజు. అరుగు మీద కూర్చుని గవ్వలు సర్దుకుంటున్నాడు. కూర్మయ్య మాట్లాడుతూ మాట్లాడుతూ, ముప్పై ఏళ్ళుగా చేసినట్టే, బొండం చెక్కి బావ చేతికి అందించాడు. యువరాజు పట్టుకున్నాడు. ఇద్దరికీ అప్పుడు గుర్తొచ్చింది.

"తీసీ బావా" అన్నాడు యువరాజు మెల్లగా. "నాను తాగకూడదు గదా."

కూర్మయ్య బొండం తీసుకుని గబుక్కున నేల మీద ఒంపేశాడు. నీళ్ళు ఇసుకలో ఇంకిపోతుంటే యువరాజు అటే చూస్తున్నాడు. పెదాలు ఎండి చీలి ఉన్నాయి. ఆ తడి ఆరేదాకా అతను చూపు తిప్పలేదు. ఆ రోజు ఆట ఆడారు గాని, పులులూ మేకలూ ఎవరికీ పట్టలేదు.

ఆ రాత్రి కూర్మయ్యకు అన్నం సయించలేదు. బావను వట్టి చేతులతో కూర్చోబెట్టడం తన వల్ల కాదు. బొండం ఇవ్వడానికి లేదు. అతని ముందు తను తాగడం అంతకన్నా పాపం. చుట్టూ నెత్తి మీద గెలలు వేలాడుతుంటే, దాహంతో ఉన్న మనిషిని వాటి కింద కూర్చోబెట్టి ఆడుకోవడమేమిటి? ఆలోచించి ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు. మధ్యాహ్నం తను తోటలో కనిపించకపోతే యువరాజు రావడం మానేస్తాడు. తోటకు రాకపోతే దాహమూ గుర్తుకు రాదు.

"ఆ మాటేదో యువరాజన్నియ్యనే అడగరాదా" అంది భార్య సూరమ్మ.

"అడిగితే ఏటంటాడు? పర్నేదంటాడు. ఆడి సంగతి నాకు తెలీదేటి?" అన్నాడు కూర్మయ్య.

అంత బాగా తెలుసుననుకున్నాడు.

తోటకు పోకుండా ఉండటం అతని వల్ల కాలేదు. మధ్యాహ్నం పంపుషెడ్డులోకి దూరి, సైకిలును వెనక గోడకు చేరేసి, లోపల తలుపు గడియ పెట్టుకుని గోనె సంచుల మీద కూర్చునేవాడు. డయాలసిస్ లేని రోజుల్లో యువరాజు వచ్చేవాడు. గోడకు అవతల అతని ఆయాసం వినిపించేది. చెట్ల వెనక్కి పోయి ఒకసారి చూసి, తిరిగొచ్చి అరుగు మీద కూర్చునేవాడు. చింతపిక్కలు పేర్చిన చప్పుడు వచ్చేది. తర్వాత ఒక్కడే ఇద్దరి ఆటా ఆడేవాడు, పైకి మాట్లాడుతూ.

"ఇదిగో నీ మేక. ఇప్పుడు నా పులి దీన్ని తినీసిందనుకో, మరేటి సేత్తావు బావా?"

లోపల కూర్మయ్య గోడకు చెవి ఆనించేవాడు. జబ్బు మనిషి ఒంటరితనానికి తనలో తను మాట్లాడుకుంటున్నాడనుకున్నాడు. తలుపు తీయాలని చెయ్యి గడియ దాకా వెళ్ళేది. తీస్తే ఇన్నాళ్ళూ దాక్కున్నందుకు ఏమని చెప్తాడు? చెప్పినా, చేతిలో ఏం పెడతాడు? చెయ్యి వెనక్కి వచ్చేసేది. అలా ఐదు మధ్యాహ్నాలు గడిచాయి. ఐదో రోజు యువరాజు గెలిచినట్టు ఒక చిన్న నవ్వు నవ్వి, దగ్గి, చాలాసేపు ఊరికే కూర్చుని వెళ్ళాడు. ఆ నవ్వు విన్నాక కూర్మయ్యకు ఇంక లోపల కూర్చునే ధైర్యం లేకపోయింది. యువరాజు వచ్చే రోజున సైకిలెక్కి కవిటి పోయి, గడ్డం పెరగకపోయినా గీయించుకుని, టీ బడి బెంచీ మీద సాయంత్రం దాకా కూర్చుని వచ్చాడు.

ఆ తర్వాత యువరాజు తోటకు రాలేదు. అనుకున్నది అయింది, బావకు మంచే జరిగిందని కూర్మయ్య మనసుకు సర్దిచెప్పుకున్నాడు. రెండు మూడు రోజులకోసారి వాళ్ళింటికి వెళ్ళి పలకరించేవాడు. అక్కడ మంచం, మందుల సంచీ, టీవీ. తోటలో తెమలని మాటలు ఆ ఇంట్లో పది నిమిషాల్లో అయిపోయేవి.

"తోటలో పనెక్కువగా ఉన్నాదా బావా?" అని అడిగేవాడు యువరాజు ప్రతిసారీ.

"ఉన్నాది బావా" అనేవాడు కూర్మయ్య, నేల చూస్తూ.

"సూసుకో మరి" అనేవాడు యువరాజు.

వానలు మొదలైన వారంలో, ఒక పొద్దున పలాస పోడానికి చొక్కా తొడుక్కుని, ఆటో కోసం మంచం మీద కూర్చున్న మనిషి కూర్చున్నట్టే ఒరిగిపోయాడు. అంత కడుపు కట్టుకున్నా, అంత గొంతు ఎండబెట్టుకున్నా దక్కలేదు. కూర్మయ్య దహనం దగ్గర ఏడవలేదు. పనులన్నీ దగ్గరుండి చేయించాడు. పదకొండో రోజు బంధువులు వెళ్ళిపోయాక, వరండాలో చెల్లెలి పక్కన కూర్చున్నప్పుడు మాత్రం ఆపుకోలేకపోయాడు.

"ఆడికి నాను మంచే సేద్దామనుకున్నానమ్మా" అన్నాడు. "ఆ బొండాల కింద కూకోబెట్టి ఆడి నోరు ఎండబెట్టనేక, తోటలో ఉండి కూడా దాక్కున్నాను. అది నీకు తెలీదు."

పార్వతి కొంగుతో మొహం తుడుచుకుంది.

"తెలుసన్నియ్యా. ఆయన సెప్పినాడు."

కూర్మయ్య తలెత్తి చూశాడు.

"మొదటి రోజునే ఎనకాల నీ సైకిల్ సూసినాడంట. ఇంటికొచ్చి నాతో అన్నాడు, బావ నన్ను సూడనేక షెడ్లో కూకున్నాడే అని. నాకు కోపమొచ్చింది. నాను ఎల్లి అడుగుతానన్నాను. వద్దన్నాడు. నాకు బొండాం ఎందుకే, బావ దగ్గిర కాసేపు కూకోడానికి గదా ఎల్లీది, గోడకి అటేపుంటే ఏటి, ఇటేపుంటే ఏటి, ఇనిపిత్తాది గదా అన్నాడు. రోజూ వచ్చి, బావతో ఆడొచ్చినానని సెప్పీవోడు. ఆ ఐదు దినాలూ మనిసి బాగానే ఉన్నాడు."

ఆమె మళ్ళీ అంది.

"ఒక రోజు ఎల్లినోడు ఎల్లినట్టే తిరిగొచ్చీసినాడు. ఏటైనాదంటే, ఇయాల సైకిల్ నేదే అన్నాడు. మరి ఎల్లనేదు."

 ఆ రోజు కూర్మయ్యకు కవిటిలో ఏ పనీ లేదు. పెరగని గడ్డం గీయించుకుని, టీ బడిలో తెలియనివాళ్ళ మధ్య సాయంత్రం దాకా కూర్చున్నాడు. అక్కడ కూర్చున్నంతసేపూ బావకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు.