గోళమూ, వరికుప్పా, మా నాన్నగారూ

మొన్న ఏలూరులో మా అమ్మాయి ఇంట్లో భోజనాలయ్యాక మనవరాలు ఎంట్రన్సు పుస్తకం ముందేసుకుని ఒక లెక్క దగ్గర ఆగింది. కరెంటు పారనివ్వని బంధకంతో చేసిన గోళం, దాని నిండా సమంగా విద్యుదావేశం, అందులో నిలవయ్యే శక్తి ఎంత అని. నేను కళ్ళజోడు వెతుక్కునే లోపే ఫోనుని అడిగేసి, "త్రీ బై ఫైవ్, కే క్యూ స్క్వేర్ బై ఆర్, అమ్మమ్మా" అని టిక్కు పెట్టేసుకుంది. ఎలా వచ్చిందే అంటే, వచ్చేసింది కదా అంటుంది! ఆ ఐదింట మూడు వంతుల కోసం ఒకప్పుడు నా ఉద్యోగమే ఊగిసలాడిందని దానికేం తెలుసు పాపం.

ఎమ్మెస్సీ అయ్యీ అవగానే తాడేపల్లిగూడెంలో ఒక ఆడపిల్లల కాలేజీలో నాకు ఫిజిక్సు చెప్పే ఉద్యోగం దొరికింది. దొరికిందంటే పూర్తిగా కాదండోయ్, ఆ ఒక్క ఏడాదికే. ప్రిన్సిపాల్ గారు ఒకరోజు వచ్చి వెనక బెంచీలో కూర్చుని పాఠం వింటారు, నచ్చితే మరుసటి ఏడు ఉంచుతారు, లేకపోతే ఇంటికి పొమ్మంటారు. మా వంశంలో ఉద్యోగం మొహం చూసిన మొదటి ఆడపిల్లని నేనే కనక, పోయిందంటే మళ్ళీ గడప దాటగలనా అన్న బెంగ నన్ను పీక్కు తినేసేది. ఆయన వినబోయే పాఠం సరిగ్గా ఈ గోళమే.

ముందటి ఆదివారం ఉంగుటూరు దగ్గరి మా ఊరు వెళ్ళి, చేను గట్టు మీద కూర్చుని పాఠం వల్లిస్తున్నాను. కోతలై కుప్పలు వేసే రోజులు. నాన్నగారు కుప్ప మీద నిలబడి, కింద నుంచి విసిరే వరి పనలు అందుకుని, వెన్నులు లోపలికి, మొదళ్ళు బయటికి వచ్చేలా గుండ్రంగా పేరుస్తున్నారు. ఏమిటమ్మా ఆ జపం అని అడిగితే, ఆవేశాన్ని కొంచెం కొంచెంగా తెచ్చి పొర మీద పొరగా గోళం కట్టాలండీ, ముందు చేరినది వెనక వచ్చేదాన్ని తోసేస్తుంటుంది, అలా తోస్తున్నా తెచ్చి పేర్చిన కష్టమంతా కూడితే అదే శక్తి అని, ఆయనకేం అర్థమవుతుందిలే అన్న గర్వంతోనే చెప్పాను. ఆయన పన అందుకుంటూనే, "మా కుప్పా అంతే కదమ్మా. మొదటి పన వేసేటప్పుడు ఎవడికీ బరువుండదు. కుప్ప లేచేకొద్దీ అందించేవాడి నడుముకి తెలుస్తుంది" అన్నారు. నేను నవ్వేసి మళ్ళీ పాఠం వల్లించడంలో పడ్డాను.

ఆ రోజు రానే వచ్చింది. ముందు రోజు లోహపు గోళం చెప్పి ఉన్నాను, దాని ఆవేశమంతా పైనే ఉంటుంది, లోపల క్షేత్రం ఉండదు. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ గారిని చూసేసరికి కంగారుపడి, ఆ అలవాటులోనే గోళం బయటి శక్తి మాత్రం లెక్కకట్టి, సగం అని రాసి, చుట్టూ డబ్బా కూడా గీసేశాను. అప్పుడు లేచిందండీ ఆకివీడు నుంచి రోజూ రైల్లో వచ్చే ఓ బక్కపలచని అమ్మాయి. "మేడమ్, ఇది లోహం కాదు కదండీ, లోపల కూడా ఆవేశం ఉంది కదండీ, దాని సంగతేంటండీ?" అది రేపు చెబుతానని దాటేయవచ్చు, నలభై మందిలో ఆ ఒక్కర్తే కనిపెట్టింది. కానీ వెనక ఆయన పెన్ను ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. డస్టరు తీసుకుని సగాన్ని చెరిపేసి, తప్పు నాదేనమ్మా అన్నాను. ఆ తరవాత నాకు ఏ పుస్తకమూ గుర్తు రాలేదు, కుప్ప ఒక్కటే గుర్తొచ్చింది. బోర్డు మీద కుప్ప బొమ్మ వేసి, మొదటి పన ఊరికే వస్తుంది, పొర పెరిగేకొద్దీ తరవాతి దానికి కష్టం పెరుగుతుందని ఒక్కో పొరా కూడుకుంటూ వెళితే ఐదింట మూడు వచ్చి కూర్చుంది. బయటి సగానికి లోపలి పదో వంతు కలిపినా అంతేనని ఆకివీడు అమ్మాయే లేచి చెప్పింది.

గంట కొట్టాక ప్రిన్సిపాల్ గారు గుమ్మం దగ్గర ఆగి, "ఆ పనల సంగతి మీకెవరు చెప్పారండీ?" అన్నారు. మా నాన్నగారండీ అన్నాను. "అయితే వచ్చే ఏడు కూడా ఆయన్ని అడిగే చెప్పండి" అని వెళ్ళిపోయారు. వచ్చే ఏడు అన్న మాట బుర్రకెక్కడానికి నాకు కాసేపు పట్టింది. హమ్మయ్య అనుకుని ఖాళీ క్లాసులో కూర్చుని ఏడ్చేశాను.

ఇంటికెళితే, ఎలా చెప్పావమ్మా అని నాన్నగారు అడిగారు. బాగానే చెప్పానండీ, ఉంచుతామన్నారు అన్నాను, అంతే. కుప్ప సంగతి చెప్పాలంటే ముందు తప్పు సంగతి చెప్పాలి కదా. నలభై మంది ఎదుట ఒప్పుకున్న తప్పు ఆయన ఎదుట ఒప్పుకోలేకపోయాను. తరవాత చెబుదాంలే అనుకుంటూనే ఏళ్ళు గడిచిపోయాయి, తన మాట కాలేజీ బోర్డెక్కి నా ఉద్యోగం నిలబెట్టిందని తెలియకుండానే ఆయన వెళ్ళిపోయారు.

ఇదంతా మనవరాలికి చెబితే, కుప్పంటే ఏంటి అమ్మమ్మా అంది. చూపిస్తాను రమ్మని మర్నాడే బస్సెక్కించాను, ఎలాగూ కోతల రోజులే కదా. దారిలో కొన్ని చేలు చేపల చెరువులైపోయాయి, మిగిలినవాటిలో కోతమిషను ధాన్యం రాల్చుకుని గడ్డి చేలోనే వదిలేసి పోతోంది. ఎంత వెతికినా కుప్ప ఒక్కటీ కనబడలేదు. చివరికి మా చేను గట్టు మీదే నిలబడి, చేతులతో గాలిలో గుండ్రంగా పేర్చి చూపిస్తూ, మొదటి పన ఎవరికీ బరువుండదే అన్నాను. అలా అని ఎవరన్నారన్నావని మళ్ళీ అడిగింది. మా నాన్నగారు అన్నాను. మనవరాలు పక్కనే ఉన్నా, ఎత్తున కుప్ప మీద నిలబడ్డ మనిషికి వినబడేంత గట్టిగా అన్నాను.